జేబులో ఒక పట్టు

మా తాతయ్య మొలతాడుకు ఒక ఇత్తడి రింగు ఉండేది. ఆ రింగుకు మూడే వస్తువులు: ముల్లు తీసే శ్రావణం, ముల్లు చుట్టూ చర్మం కదిలించడానికి సూది, చెవిలో గుబిలి తీసే చిన్న పుల్ల. ప్రకాశం జిల్లా మెట్ట పొలాల్లో తుమ్మ ముల్లు దిగని కాలు ఉండేది కాదు. ఎవరికి దిగినా కుంటుకుంటూ తాతయ్య దగ్గరికే వచ్చేవారు. ఆయన గట్టు మీద కూర్చుని, ఆ కాలు తన మోకాలి మీద పెట్టుకుని, ఎండ పడేలా తిప్పి, రెండు నిమిషాల్లో ముల్లు లాగేసేవాడు. ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర ఇంతకంటే పెద్ద పట్టకార్లు ఎన్నో ఉండేవి. కానీ అవి కొలిమి దగ్గర ఉన్నాయి, ముల్లు చేలో దిగింది.

ఈ అధ్యాయం ఆ శ్రావణానికి మనవడి వరస అయ్యే వస్తువు గురించి. మడిస్తే అరచేతిలో ఇమిడేది, విప్పితే ప్లయర్ అయ్యేది, పిడుల్లో చాకు, స్క్రూడ్రైవర్, కత్తెర దాచుకునేది. అందరూ మల్టీటూల్ అంటున్నారు కాబట్టి మనమూ ఆ మాటే వాడుకుందాం. ఎలక్ట్రీషియన్లకు, మెకానిక్కులకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. వాళ్ళ సంచిలో అసలు పనిముట్లే ఉంటాయి, ఉండాలి కూడా. ఇది ఆఫీసుకో, బడికో, ఊరికో, పెళ్ళికో వెళ్ళే మామూలు మనిషి కోసం. అదీ రోజూ కాదు, అవసరం పడొచ్చని తోచిన రోజున వెంట తీసుకెళ్ళే వాళ్ళ కోసం.

ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను. నా మొదటి మల్టీటూల్ పెద్దది. లెదర్‌మన్ వేవ్ ప్లస్, 18 పనిముట్లు, 241 గ్రాములు. కొన్న కొత్తలో బెల్టుకు తగిలించుకుని ఒక వారం తిరిగాను. కూర్చుంటే నడుముకు గుచ్చుకునేది, జేబులో వేస్తే ప్యాంటు ఒక పక్కకు జారేది. రెండో వారం నుంచి అది బీరువా సొరుగులోనే ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు మా పెద్దమ్మకు ఎమ్మారై స్కాన్ తీయాలన్నారు. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. గాజులు వచ్చాయి, గొలుసు వచ్చింది. ఎడమ చెవి దిద్దు శీల మాత్రం పాతికేళ్ళుగా తిరగనిది, బిగుసుకుపోయి రాలేదు. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నా వేళ్ళు జారిపోతున్నాయి, వెనక వరసలో మనుషులు ఎదురుచూస్తున్నారు. చివరికి ఆస్పత్రి మరమ్మతుల గదిలో పనిచేసే ఒకాయన చిన్న నోస్ ప్లయర్ తెచ్చి, కొసకు గాజుగుడ్డ చుట్టి, శీలను మెల్లగా పట్టి తిప్పితే అర నిమిషంలో వచ్చేసింది. ఇదంతా స్కాన్ గది బయటే జరగాలి. స్కాన్ యంత్రపు అయస్కాంతం ముందుకు ఉక్కు వస్తువు వెళ్ళడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ రోజు నాకున్న 18 పనిముట్లు ఇంట్లో సొరుగులో ఉన్నాయి. పెద్దమ్మకు కావలసింది ఒక్కటే, రెండు సన్నని ఉక్కు కొసలు.

ఈ మల్టీటూల్ పుట్టుకలోనూ ఇదే ఉంది. 1975లో అమెరికాలోని ఓరిగన్ రాష్ట్రానికి చెందిన టిమ్ లెదర్‌మన్ అనే మెకానికల్ ఇంజనీరింగ్ పట్టభద్రుడు భార్యతో కలిసి ఒక పాత ఫియట్ 600 కారులో యూరప్ తిరిగాడు. కారు మొరాయిస్తుండేది, చవక హోటళ్ళలో కుళాయిలు కారుతుండేవి. జేబులో చాకు ఉంది, రొట్టె కోయడం నుంచి కారు బాగుచేయడం దాకా దానితోనే లాక్కొచ్చాడు. కానీ ప్రతిచోటా ఒకటి తక్కువయ్యేది: పట్టుకోవడానికి ప్లయర్. తిరిగొచ్చాక అట్టముక్కలతో నమూనాలు కోసుకుంటూ, ఆ పైన లోహంతో కుస్తీపడుతూ ఏళ్ళు గడిపాడు. 1980లో పేటెంట్ వచ్చింది. 1983లో స్నేహితుడు స్టీవ్ బెర్లినర్‌తో కలిసి కంపెనీ పెట్టి మొదటి పనిముట్టును అమ్మాడు. స్విట్జర్లండ్ వాళ్ళ చాకులు అప్పటికే దాదాపు తొంభై ఏళ్ళుగా లోకంలో ఉన్నాయి. వాటిలో కత్తి ఉంది, కార్క్ తీసే మర ఉంది. ఆ మనిషికి కావలసిన గట్టి పట్టు మాత్రం లేదు. అందుకే ఈ రకం పనిముట్టు కొనేటప్పుడు నేను మొదట ప్లయర్‌నే చూస్తాను. మిగతావన్నీ దానికి చుట్టాలు.

కొనేముందు ఒక నెల ఓపిక పట్టండి. పర్సులో చిన్న చీటీ పెట్టుకోండి. 'ఇప్పుడు చేతిలో ఏదైనా పనిముట్టు ఉంటే బాగుండును' అని తోచిన ప్రతిసారీ ఒక ముక్క రాయండి: ఎక్కడ, ఏ పని. ఊహించి రాయొద్దు, నిజంగా ఎదురైనవే రాయండి. నా చీటీలో ఒక నెలకు వచ్చినవి ఇవి: పాప స్కూలు బ్యాగు జిప్పు దారి తప్పింది, కుక్కరు పిడి స్క్రూ వదులైంది, పార్సిల్ మీద ప్లాస్టిక్ పట్టీ చేత్తో తెగలేదు, చెప్పు అడుగున మేకు కొస పైకి వచ్చింది, కళ్ళజోడు కాడ మర ఊడింది, మా చెల్లెలి కాలి పట్టీ కొక్కెం విచ్చుకుంది, పూలదండకు కట్టిన దారం కోయాలి. ఏడు పనుల్లో మూడు నొక్కిపట్టేవి, రెండు తిప్పేవి, రెండు కోసేవి. రంపం ఒక్కసారీ రాలేదు. డబ్బా మూత కోసే పరికరం రాలేదు. ఆకురాయి రాలేదు. మీ చీటీ వేరుగా ఉంటుంది, ఉండాలి. తోటపని చేసేవారికి రంపం రావచ్చు, కుట్టుపని చేసేవారికి కత్తెర నాలుగుసార్లు రావచ్చు. దుకాణంలో అమ్మేవాడు ఎన్ని పనిముట్లున్నాయో లెక్కపెట్టి చూపిస్తాడు. మీ దగ్గర చీటీ ఉంటే ఆ లెక్క మిమ్మల్ని లాగదు.

ఇక బరువు. కాగితం మీద 62 గ్రాములు, 142 గ్రాములు, 241 గ్రాములు అని చదివితే ఒంటికి ఏమీ తెలియదు. అందుకు నాకు బాగా పనికొచ్చిన ఉపాయం పది రూపాయల నాణేలు. ఒక్కొక్కటి 7.71 గ్రాములు తూగుతుంది. ఎనిమిది నాణేలు రుమాల్లో బిగించి కట్టి జేబులో వేసుకుంటే, అది కాస్త అటూఇటుగా గెర్బర్ డైమ్ అనే చిన్న ప్లయర్ బరువు. పద్దెనిమిది వేసుకుంటే లెదర్‌మన్ స్కెలిటూల్. ముప్పై ఒకటి వేసుకుంటే నా సొరుగులో పడుకున్న వేవ్ ప్లస్. ఒక్కో మూటతో రెండేసి రోజులు గడపండి. బస్సెక్కండి, మెట్లు దిగండి, ఆటోలో ముడుచుకుని కూర్చోండి, నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయండి. చీర కట్టుకునేవారు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని భుజం ఏమంటుందో వినండి. సాయంత్రానికి మూట తీసి బల్ల మీద పడేయాలనిపించిందా? అయితే ఆ బరువు పనిముట్టు మీకు వద్దు. దాని ఉక్కు ఎంత మంచిదైనా సరే, అది బల్ల మీదే ఉండిపోతుంది. మూట జేబులో ఉందని మీరు మర్చిపోయిన బరువేదో, అదే మీది. నాకు ఎనిమిది నాణేలు గుర్తుకు రాలేదు. పద్దెనిమిది ప్రయాణపు రోజుల్లో పర్వాలేదనిపించాయి, మామూలు రోజుల్లో లేదు.

తేలికదనానికి కట్టే సుంకం కూడా తెలుసుకుని కట్టాలి. ప్లయర్ ఒక తులాదండం. పిడి ఎంత పొడుగుంటే కొస దగ్గర పట్టు అంత గట్టిగా ఉంటుంది. ఇంట్లో ఉండే ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లయర్‌తో తిప్పే నట్టును, మడిస్తే ఏడు సెంటీమీటర్లుండే పిల్ల ప్లయర్‌తో తిప్పాలని చూస్తే, ముందు మీ అరచేయి నొప్పెడుతుంది, తర్వాత నట్టు మూలలు అరిగిపోతాయి, చివరకు ప్లయర్ ముక్కు వంకరపోతుంది. కుళాయి నట్టు, సైకిల్ చక్రం నట్టు, గ్యాసు రెగ్యులేటరు, వీటి జోలికి చిన్న మల్టీటూల్‌తో వెళ్ళకండి. దాని రాజ్యం వేరు: వేలి గోరుకు అందనిది, వేళ్ళకు వేడైనది, పదునైనది, జారిపోయేది. జిప్పు సంగతే తీసుకోండి. బ్యాగు జిప్పు పళ్ళు కలవడం లేదంటే చాలాసార్లు పళ్ళు బాగానే ఉంటాయి, వాటి మీద నడిచే లాగుడు బిళ్ళ సాగి వదులై ఉంటుంది. దాని వెనక భాగంలో రెండు అంచులనూ ప్లయర్ కొసతో ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా నొక్కి చూడండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే బిళ్ళ విరుగుతుంది. ఒక నొక్కు, ఒకసారి లాగి చూడటం, మళ్ళీ ఒక నొక్కు. ఈ పనికి పెద్ద ప్లయర్ పనికిరాదు, చిన్నదే కావాలి.

దుకాణంలో ప్లయర్‌ను ఎలా చూడాలో మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మోసపోతాం. మూసి, వెలుతురుకేసి పట్టండి. ముక్కు కొసల మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. కొస దగ్గర సందు ఉంటే అది జిప్పును పట్టదు, ముల్లును అసలే పట్టదు. తర్వాత కొసల మధ్య ఒక తల వెంట్రుక పెట్టి లాగి చూడండి. అది జారితే వెనక్కి ఇచ్చేయండి. ముక్కును రెండు వైపులా ఊపి చూడండి, కీలు దగ్గర కదలిక ఉండకూడదు. పిడులను గట్టిగా నొక్కండి, రేకు పిడి అరచేతిలోకి కోసుకుంటోందా? కొన్నింటిలో లోపల స్ప్రింగు ఉంటుంది, వదలగానే ప్లయర్ దానంతట అదే తెరుచుకుంటుంది. ఒంటి చేత్తో పనిచేయాల్సినప్పుడు, వేళ్ళు నొప్పులుండే పెద్దవాళ్ళకు, ఇది చాలా మేలు. ఇక లోపలి వాటిని ఒక్కొక్కటే గోరుతో తెరవండి. గోరు విరిగేంత బిగుతుగా ఉంటే పని పడినప్పుడు మీరు దాన్ని తెరవరు. సికింద్రాబాదు రాణిగంజ్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కొంటే ఇవన్నీ అక్కడే చేతిలో పట్టుకుని చూడొచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె తెరిచిన రోజే చూడండి, వెనక్కి పంపే గడువు దాటనివ్వకండి.

ప్లయర్ మొదట్లో ఉండే తీగ కోసే అంచుకూ హద్దుంది. ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను కోస్తుంది, పందిరికి కట్టే సన్నని బైండింగ్ వైరునూ కోస్తుంది. గట్టి ఉక్కు మేకును, సైకిల్ పుల్లను కోయబోతే అంచు మీద గాటు పడుతుంది. ఆ గాటు మరి పోదు. మరో మాట, ఇది ఎన్నిసార్లయినా చెప్తాను: మల్టీటూల్ పిడి వట్టి లోహం. ఎలక్ట్రీషియన్ ప్లయర్‌కుండే ఇన్సులేషన్ తొడుగు దానికి లేదు. 230 వోల్టులు దానిలోంచి నేరుగా మీ చేతిలోకి వస్తాయి. ఎంసీబీ దించకుండా, టెస్టరుతో చూడకుండా స్విచ్‌బోర్డు దగ్గరికి దాన్ని తీసుకెళ్ళొద్దు. ఆ రెండూ చేయడం తెలియకపోతే అసలే వద్దు.

స్క్రూడ్రైవర్ విషయంలో ఒక చిన్న సంగతి చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. మన ఇళ్ళలో స్క్రూలు చాలావరకు స్టార్ తలవి. చాలా చిన్న మల్టీటూళ్ళలో స్టార్ డ్రైవర్ అని ఇచ్చేది పలకలా చదునుగా ఉంటుంది, పైగా పొట్టిది. త్రీపిన్ ప్లగ్గు వెనకో, ఆటబొమ్మ బ్యాటరీ మూత దగ్గరో స్క్రూ ఒక గుంటలో లోపలికి ఉంటుంది. అక్కడికి ఆ పొట్టిది దిగదు, దాని భుజం గుంట అంచుకు తగిలి ఆగిపోతుంది. కొనేటప్పుడు ఇంట్లోని ఒక పాత ప్లగ్గు వెంట తీసుకెళ్ళి దిగుతుందో లేదో చూసుకోండి. ఇంకొకటి, లాకు లేని స్క్రూడ్రైవరును గట్టిగా నొక్కితే అది ఒక్కసారిగా మడుచుకుని వేలిని నలుపుతుంది. తిప్పేటప్పుడు బలం తిప్పడంలో పెట్టండి, నెట్టడంలో కాదు.

కత్తా, కత్తెరా? రెండూ ఉంటే మంచిదే. ఒకటే అనుకుంటే నేను కత్తెర వైపు. దారం, పాల ప్యాకెట్టు, మందుల పట్టీ, పసివాడి గోరు పక్కన లేచిన పొర, గాయానికి వేసే టేపు, వీటన్నిటికీ కత్తెర నయం. పక్కన కూర్చున్న మనిషి ఉలిక్కిపడడు కూడా. రైలు పెట్టెలో కత్తి తీస్తే పది కళ్ళు మన మీద పడతాయి. స్కెలిటూల్‌లో కత్తెర లేదు. నేను దాన్ని ఇష్టపడుతూనే కొనకపోవడానికి అదీ ఒక కారణం.

వెంట తీసుకెళ్ళడం అన్నాక ఎక్కడికి తీసుకెళ్ళకూడదో కూడా చూసుకోవాలి. విమానంలో చేతి సంచిలో వద్దు, చెకిన్ సామానులో పెట్టండి. తెల్లవారుజామున ప్రయాణపు హడావుడిలో నేను మర్చిపోయి, భద్రతా తనిఖీ దగ్గర మంచి పనిముట్టును ట్రేలో వదిలేసి వచ్చాను. తప్పు నాదే. అప్పటి నుంచి టికెట్టు బుక్ చేసిన రోజే మల్టీటూల్ తీసి పెద్ద సూట్‌కేసులో వేస్తున్నాను. మెట్రో స్టేషన్లలో, పెద్ద గుళ్ళ క్యూల్లో, కోర్టుల దగ్గర, పరీక్షా కేంద్రాల దగ్గర కూడా తనిఖీ ఉంటుంది. అలాంటి పని ఉన్న రోజు అది ఇంట్లో ఉండాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఇంకో జాగ్రత్త. అమెరికా విమానాల్లో ఏడు అంగుళాల లోపు పనిముట్లను చేతి సంచిలో ఒప్పుకుంటారు, కత్తి ఉన్న మల్టీటూల్‌ను మాత్రం ఒప్పుకోరు. ఆఖరి మాట అక్కడ నిలబడ్డ అధికారిదే. బ్రిటన్‌లో మడతకత్తి మూడు అంగుళాల లోపు ఉండి, లాకు పడనిదైతేనే కారణం చెప్పకుండా వెంట ఉంచుకోవచ్చు. తెరిచాక లాకు పడే బ్లేడున్న మల్టీటూల్‌ను సరైన కారణం లేకుండా వీధిలో తీసుకెళ్ళడం అక్కడ నేరం. చదువుకోవడానికి లండన్ వెళ్ళే పిల్లలకు వేవ్‌లాంటిది కానుకగా ఇచ్చే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

అంటే ఎవరికి ఏది? చీటీలో ఎక్కువగా జిప్పులు, కొక్కేలు, దారాలు, చిన్న మరలు ఉంటే 60 గ్రాముల దరిదాపుల్లో స్ప్రింగు ప్లయర్, కత్తెర ఉన్నది చాలు. కీచైనుకు తగిలించకుండా బ్యాగులో చిన్న గుడ్డసంచిలో ఉంచండి. కీచైనుకు వేస్తే ఏదో ఒక రోజు తాళంచెవులతో పాటు తనిఖీలో చిక్కుతుంది. బైకు మీద పొలాలకో, సైట్లకో తిరిగేవారి చీటీలో తీగలు, బోల్టులు వస్తాయి. వాళ్ళు 140 నుంచి 200 గ్రాముల మధ్యది చూసుకోవచ్చు, దాన్ని ఒంటి మీద కాక బండి డిక్కీలో పెట్టుకోవచ్చు. చీటీలో నెలకు రెండే పనులు వస్తే అసలు కొనకండి. హార్డ్‌వేర్ కొట్లో దొరికే బుల్లి నోస్ ప్లయర్, ఒక కత్తెర పెన్సిల్ పెట్టెలో వేసుకుంటే సరిపోతుంది. ఆ డబ్బు మిగిలినట్టే. కొత్త మోడల్ బొమ్మలు చూస్తుంటే చేయి లాగుతుంది, నాకు తెలుసు. అలాంటప్పుడు మళ్ళీ చీటీ తీసి చదవండి.

కొన్నాక చేయాల్సింది కొంచెమే. స్టెయిన్‌లెస్ అన్నంత మాత్రాన తుప్పు పట్టదని కాదు. కాకినాడ, విశాఖ ఉప్పుగాలికి కీళ్ళలో గోధుమ మచ్చలు వస్తాయి, నిమ్మకాయ కోసి తుడవకుండా మడిచినా వస్తాయి. మంచినీళ్ళతో కడిగి, ఎండలో అరగంట ఆరబెట్టి, కీలుకు ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేయకండి. చలికి గడ్డకట్టి, దుమ్ము పట్టి, కీలు బిగుస్తుంది. తీగలు, మేకులు పట్టిన పనిముట్టుతో పండు కోయాల్సి వస్తే ముందు సబ్బుతో కడగండి.

ఇప్పుడు నా బ్యాగులో ఎనిమిది నాణేల బరువున్న చిన్న ప్లయర్ ఉంటోంది. పెద్దది అమ్మేశాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా మేనకోడలు ముగ్గు దగ్గర నుంచి ఒంటికాలి మీద గెంతుతూ వచ్చింది, గొబ్బెమ్మలకు పూలు కోస్తుంటే మడమలో ముల్లు దిగిందట. ప్లయర్ తీయబోతుంటే అమ్మ ఆగమంది. లోపలికెళ్ళి తాతయ్య ట్రంకుపెట్టె తెరిచి, మూడు వస్తువుల ఇత్తడి రింగు తెచ్చి నా చేతిలో పెట్టింది. శ్రావణాన్ని మూసి, తలుపులోంచి పడే ఎండకేసి పట్టి చూశాను. కొసల మధ్య సందు లేదు. పిల్ల కాలు మోకాలి మీద పెట్టుకున్నాను.